నల్ల మూత

గురువారం మధ్యాహ్నం బాపట్ల నుంచి ఫ్లెక్సీ ఆర్డరు ఒకటి వచ్చింది. పన్నెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు, శనివారం సాయంత్రానికి అందాలి. తెనాలి మెయిన్ రోడ్డు వెనక సందులో ఉన్న ఆ షాపులో డిజైన్లన్నీ చంద్రికే చేస్తుంది. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, నాయకుల పర్యటనలు. ఎనిమిదేళ్ళుగా ఎంతమంది మొహాలకి తెల్లరంగు పూసిందో, ఎంతమంది పక్కన పులి బొమ్మ నిలబెట్టిందో ఆమెకే గుర్తులేదు. యజమాని పాండురంగారావు ఫోనులో విన్న వివరాలు కాగితం మీద రాసి తెచ్చి ఆమె కీబోర్డు పక్కన పెట్టాడు.

"ఫొటోగ్రాఫర్ల సంఘం వాళ్ళమ్మా. వాళ్ళ ప్రెసిడెంటుకి ఢిల్లీలో ఏదో పెద్ద బహుమతి వచ్చిందంట. ఆదివారం సన్మానం. బహుమతి వచ్చిన ఫొటో మెయిల్లో పెట్టారు, బాగా పెద్దగా వెయ్యమన్నారు. ఆయన మొహం మాత్రం కాస్త తెల్లగా చెయ్యి. అది గట్టిగా చెప్పారు."

"ఎవరండి ఆ ప్రెసిడెంటు?"

"విజయసారథి గారంట."

చంద్రిక ఆ పేరు కాగితం మీద ఇంకోసారి చదువుకుంది. తర్వాత ఫైలు తెరిచింది.

నలుపు తెలుపుల్లో చదరంగా ఉన్న ఫొటో. నాలుగు మూలలూ చీకటి, మధ్యలో వెలుగు. ఇసకలో ఒక ముసలాయన కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించి బిగలాగి పట్టుకుని, చేత్తో చిరుగు అల్లుతున్నాడు. వెనక ఆయన భార్య నిలబడి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎటో చూస్తోంది. ఆయన ఛాతీ మీదుగా సముద్రపు అల ఒకటి నురగతో సహా సాగిపోతోంది. పొడి ఇసకలో కూర్చున్న మనిషి ఒంటి మీదికి అల ఎలా వచ్చిందో చూసినవాళ్ళకి అంతుపట్టదు. చంద్రికకి అంతుపట్టింది. ముసలాయన్ని తీశాక ఫిల్ము తిప్పడం మర్చిపోయి, అలాగే పక్కకి తిరిగి సముద్రాన్ని తీసింది. ఒకే గడిలో రెండూ పడ్డాయి. ఆ పొరపాటు తనది. ఆ ఫొటో తనది.

ఆమె కెమెరా అలాంటి పొరపాట్లకి పెట్టింది పేరు. ఒళ్ళంతా ప్లాస్టిక్, లెన్సు కూడా ప్లాస్టిక్కే. చూసినవాళ్ళు పిల్లలు ఆడుకునే బొమ్మ అనుకుంటారు. ఒక్కో ఫొటోకీ ఫిల్ముని చేత్తో తిప్పుకోవాలి. తిప్పకపోతే అదేమీ అనదు, తీసినదాని మీదే ఇంకోటి వేసేస్తుంది. వెలుగు చొరబడకుండా అతుకుల మీద నల్ల టేపు చుట్టుకోవాలి. ఒక్క ఫిల్ముకి పన్నెండు ఫొటోలు, అంతే.

అయినా ఒకసారి సరిచూసుకుందామని ఫొటో ఎడమ అంచుని పెద్దది చేసింది. కింద, బియ్యపు గింజంత నొక్కు కనిపించింది. కెమెరా లోపల ఫిల్ము ఆనుకునే చట్రం గీతలు పెడుతోందని గోళ్ళ ఆకురాయితో తనే రుద్దిన చోటు అది. తను తీసిన ప్రతి ఫొటో అంచునా పడుతుంది. దొంగకి అంచులు కత్తిరించాలని కూడా తోచలేదు. పాతకాలపు అందం కోసం ఉంచి ఉంటాడు.

పాండురంగారావు కాగితంలో చివరి వాక్యం, ఫ్లెక్సీ అడుగున వెయ్యాల్సింది, ఇలా ఉంది: 'ప్లాస్టిక్ బొమ్మ కెమెరా పట్టుకుని ఆ ఒక్క అల కోసం మూడు గంటలు కాచుకుని కూర్చున్నాను. - విజయసారథి.'

"మూడు గంటలు!" అంది చంద్రిక పైకే.

"ఏంటమ్మా?"

"ఏం లేదండి."

ఏడాదిన్నర కిందట బాపట్ల వర్క్‌షాపులో ఇదే మనిషి, సూర్యలంక సముద్రపు ఒడ్డున ఆమె తీసిన ఫిల్ము కడిగి పెడతానని తీసుకున్నాడు. మర్నాడు నలభై మంది ముందు ఒక ఫిల్ముని ట్యూబులైటుకి ఎత్తి పట్టుకున్నాడు. గాజులా ఖాళీగా ఉంది. "చూడండి, మూత తియ్యకుండా పన్నెండూ కొట్టేసింది ఈ అమ్మాయి. బొమ్మ కెమెరాలతో ఆడుకుంటే ఇంతే మరి," అన్నాడు. నలభై మందీ నవ్వారు. చంద్రిక కూడా నవ్వింది, ఏం చెయ్యాలో తెలియక. ఆ కెమెరాలో చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. లెన్సు మీద మూత ఉన్నా కిటికీలోంచి లోకమంతా శుభ్రంగా కనిపిస్తుంది. ఆ తప్పు ఆ కెమెరా పట్టుకున్న ప్రతివాడూ చేస్తాడు, తను కూడా చేసిందనే నమ్మింది. ఇంటికొచ్చి కెమెరాని అటకెక్కించింది. కళ్ళు పెట్టుకుని మూత చూసుకోలేని దానికి ఫొటోలెందుకనుకుంది. ఏడాదిన్నర ముట్టుకోలేదు. వాడు ఎత్తి చూపింది వేరే ఖాళీ ఫిల్మని ఇప్పుడు తెలిసింది.

బహుమతి పోయిందని ఆమెకి ఏడుపు రాలేదు. ఆ ఏడాదిన్నర తలుచుకుంటే కడుపు మండింది. తీయవలసిన ఫొటోలన్నీ తియ్యకుండా, తన చేతుల మీద తనకే అసహ్యం పుట్టేలా చేశాడు వాడు. ఫొటో దొంగిలించిన పాపం ఒకటైతే, ఇది ఇంకొకటి, దీనికే ఎక్కువ శిక్ష పడాలి. వాణ్ణి కూడా అలాగే నలభై మంది ముందు నిలబెట్టాలి. అంతకు తక్కువ ఏం జరిగినా తన మనసు చల్లబడదని చంద్రికకి స్పష్టంగా తెలిసింది.

అప్పటికి మాత్రం పని చేసింది. విజయసారథి మొహం తెల్లగా చేసింది. ఇంకాస్త తెల్లగా చేసింది. పాండురంగారావు వచ్చి, "అంతొద్దులే, గుర్తుపట్టాలిగా," అంటే కొంచెం తగ్గించింది. సాయంత్రం మిషను మీద ఆ మొహం పైనుంచి కిందికి అంగుళం అంగుళం దిగింది. ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్ళజోడు, చివరికి ఆ నవ్వు. తాళ్ళు కట్టుకోడానికి అంచులకి రింగులు కొట్టడం మామూలుగా ఆమె పని కాదు. ఆ రోజు సుత్తి అడిగి తీసుకుంది. నేలమీద పరిచిన ఆ మొహం చుట్టూ జరుగుతూ పద్దెనిమిది రింగులూ తనే కొట్టింది.

శనివారం సెలవు పెట్టి రేపల్లె రైలెక్కింది. ఒళ్ళో సంచి, సంచిలో అటక దిగిన కెమెరా.

నరసింహారావుకి డెబ్బై దాటాయి. రేపల్లెలో ఒకప్పుడు ఆయన స్టూడియో లేకుండా పెళ్ళి జరిగేది కాదు. స్టూడియో పోయినా స్నానాల గది కిటికీకి దుప్పటి కట్టి ఫిల్ములు కడగడం మాత్రం మానలేదు. ఎక్కడెక్కడి పిచ్చివాళ్ళో నెలకి ఒకటి రెండు పంపిస్తారు. చంద్రిక ఫిల్ములన్నీ ఆయనే కడిగేవాడు, ఆ ఒక్కటి తప్ప.

ఫోనులో ఫొటో చూపిస్తే కళ్ళజోడు మీద భూతద్దం కూడా పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆమె పాత నెగటివు ఒకటి పక్కన పెట్టుకుని అంచులు పోల్చాడు. 

"నీదే. సందేహం లేదు."

"ఆదివారం హాల్లో అందరికీ ఇదే చూపిస్తానండి, మాస్టారూ."

"చూపిస్తే? గీత పడిందంటారు. ఆ సంఘం కుర్రాళ్ళలో పుట్టి బుద్ధెరిగాక ఫిల్ము ముట్టుకున్నవాడు ఒక్కడు లేడు. నొక్కంటే వాళ్ళకేం తెలుస్తుంది? అసలు నెగటివు వాడి బీరువాలో ఉంది. వాడు ప్రెసిడెంటు, నువ్వు ఫ్లెక్సీలు వేసే అమ్మాయివి."

"అయితే వదిలెయ్యమంటారా?"

"నేనెందుకంటానూ?" నరసింహారావు భూతద్దం కింద పెట్టాడు. "ఆ నెల నాకు కంటి ఆపరేషన్ అవకపోతే నీ ఫిల్ము వాడి చేతికి వెళ్ళేదే కాదు. నాకూ ఒళ్ళు మండిపోతోంది. ప్లాస్టిక్ కెమెరాతో తీశానని కదా వాడు చెప్పుకుంటున్నాడు? తియ్యమను. అందరి ముందూ తియ్యమను."

చంద్రిక సంచిలోంచి కెమెరా తీసింది. లెన్సు మీద నల్ల మూత పెట్టి, నల్లటి ఒంటి మీద ఆ మూత ఎంతవరకు కనిపిస్తుందో చేతులు చాపి చూసింది. తెలిసినవాళ్ళకి తప్ప అది మూత అని తెలియదు.

"ఇలా ఇస్తానండి," అంది.

నరసింహారావుకి అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక దగ్గొచ్చింది. లోపల్నుంచి ఆయన భార్య ధనమ్మ, "ఏంటి, పొలమారిందా?" అని కేకేసింది.

"వాడికి డిజిటల్ అలవాటు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "మూత ఉంటే కిటికీలో చీకటి కనిపించాలి వాడికి. దీన్లో వెలుగు కనిపిస్తుంది. చూసుకోడు."

"చూసుకోనివ్వను. పన్నెండూ కొట్టిస్తాను. అక్కడ నవ్వను, ఒక్క మాట అనను. ఫిల్ము మీకు తెస్తాను, మీరు కడగండి. ఖాళీగా వస్తుందిగా? వచ్చే నెల సంఘం మీటింగులో దాన్ని ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుంటాను."

"వాడన్న మాటలే అంటావా?"

"అక్షరం పొల్లుపోకుండా అంటాను."

నరసింహారావు లేచి ఫ్రిజ్ తెరిచి, మజ్జిగ గిన్నె వెనక నుంచి ఫిల్ము చుట్ట ఒకటి తీసిచ్చాడు. దాని గడువు దాటి రెండేళ్ళయింది. "పర్లేదు, దీని మీద ఏం పడాలి గనక," అన్నాడు. ఆమె అక్కడే కూర్చుని ఫిల్ము ఎక్కించింది. కాగితపు కొసని చీలికలో దూర్చి, వెనక ఎర్ర కిటికీలో ఒకటో నంబరు వచ్చేదాకా తిప్పి, అతుకుల మీద కొత్త టేపు గట్టిగా వేసింది. ఏడాదిన్నర తర్వాత కూడా చేతులు ఏమీ మర్చిపోలేదు. అది చూసుకుని ఆమెకి సంతోషం వేసింది, వెంటనే కోపం రెట్టింపయింది.

బాపట్ల స్టేషను దగ్గర లాడ్జి మీది హాలు. ఆమె కొట్టిన రింగులకి తాళ్ళు కట్టి ఫ్లెక్సీని వేదిక వెనక బిగించారు. తెల్లటి విజయసారథి గోడంతా నవ్వుతున్నాడు. నల్లటి విజయసారథి కింద కుర్చీలో కూర్చుని నవ్వుతున్నాడు. వేదికకి ఒక పక్కన స్టాండు మీద అసలు ఫొటో, అద్దం బిగించిన పెద్ద ఫ్రేములో. ముఖ్య అతిథి భరద్వాజ గారు రిటైరయిన కాలేజీ ప్రిన్సిపాలు. ఏది చూసినా నిజంగా తెలుసుకోవాలనుకునే రకం మనిషి.

ముందు వరసలో ఆకుపచ్చ చీర కట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. చంద్రిక వెంటనే గుర్తుపట్టింది. ఫొటోలో నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న మనిషి, సూర్యలంక మాణిక్యం. ఫొటోలో ఉన్నావిడకి శాలువా కప్పితే పేపర్లో బాగుంటుందని సంఘం వాళ్ళు ఆటో పంపి తీసుకొచ్చారు. ముసలాయన కనిపించలేదు. వేటకి వెళ్ళుంటాడనుకుంది. మాణిక్యం వెనక్కి తిరిగి చంద్రికని ఒకసారి చూసింది, కాసేపాగి మళ్ళీ చూసింది. చంద్రిక తల దించుకుంది. ఆ పూట ఆమెకి ఎవరి పలకరింపులూ అక్కర్లేదు.

విజయసారథి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మూడు గంటల ఎండ, మాడిపోయిన నడినెత్తి, దాహం, తపస్సు. వినేవాళ్ళకే దాహం వేసేలా చెప్పాడు. మాణిక్యానికి శాలువా కప్పారు. చప్పట్లు అయ్యాక భరద్వాజ గారు మైకు తీసుకున్నారు.

"ఆ కెమెరా తెచ్చారా, విజయసారథి గారూ? ప్లాస్టిక్కుతో ఇంత పని చేశారంటే ఒకసారి చూడాలని ఉంది."

"ఇంట్లో ఉండిపోయిందండి. పాతది కదా, బయటికి తియ్యను."

"అలాంటిది నా దగ్గరుందండి," అంది చంద్రిక లేచి నిలబడి.

అందరూ తిరిగారు. ఆమె కుర్చీల మధ్య నుంచి నడిచి వేదిక దగ్గరికి వెళ్ళింది. విజయసారథి ఆమెని చూశాడు, చేతిలో కెమెరాని చూశాడు. నవ్వు మొహం మీదే ఉంది కానీ, చేతిలో మంచినీళ్ళ సీసా మూత బిగించడం రెండుసార్లు తప్పింది.

"నమస్కారం సార్. ఫిల్ము కూడా ఎక్కించి తెచ్చాను. ఈ రోజు గుర్తుగా అందరికీ మీ చేత్తో ఒక గ్రూపు ఫొటో తియ్యండి. పన్నెండూ మీరే తియ్యాలి. కడిగించే పూచీ నాది."

"భలే ఆలోచన," అన్నారు భరద్వాజ గారు, పాపం ఏమీ తెలియక. "పదండి, అందరూ పైకెక్కండి."

అంతమంది ముందు కాదనడానికి విజయసారథికి దారి లేదు. కెమెరా తీసుకున్నాడు. చూపుడు వేలు పైన బటన్ కోసం తడిమింది. ఈ కెమెరాకి పైన బటన్ ఉండదు, లెన్సు పక్కన చిన్న మీట ఉంటుంది. చంద్రిక ఏమీ చెప్పలేదు. అది వెతుక్కోడానికి అతనికి పట్టిన ప్రతి క్షణాన్నీ ఆమె చప్పరించింది. దొరికాక కెమెరాని కంటి దగ్గర పెట్టుకుని కిటికీలోంచి చూసి, "ఆ, వెలుగు బాగుంది," అన్నాడు.

వేదిక మీద సంఘం వాళ్ళంతా రెండు వరసల్లో నిలబడ్డారు. మధ్యలో భరద్వాజ గారు, పక్కన శాలువాతో మాణిక్యం. అందరూ కెమెరాకే ఎదురుగా ఉన్నారు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళకి అనుమానం వచ్చినట్టుంది, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కానీ అలాంటి కెమెరా వాళ్ళెప్పుడూ చూడలేదు. పైగా బహుమతి వచ్చిన ప్రెసిడెంటుకి చెప్పేదెవరు?

టక్ మంది. విజయసారథి ఫిల్ము తిప్పాడు. మళ్ళీ టక్. చంద్రిక పక్కన నిలబడి లోపల లెక్కపెట్టుకుంది. మూడు. అమ్మగారూ, కాస్త ఎడం పక్కకి. నాలుగు. అతను ధైర్యం తెచ్చుకుని మోకాలి మీద కూర్చున్నాడు. ఏడు. కింద నుంచి ఒకటి. తొమ్మిది. నవ్వండి. పన్నెండోది కొట్టేసరికి చంద్రికకి ఒళ్ళంతా తేలికైపోయింది. ఇంత తియ్యగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

విజయసారథి లేచి మోకాలి దుమ్ము దులుపుకున్నాడు. "చూడండి, దీన్లో కూడా ఒక బహుమతి ఫొటో ఉంటుంది," అన్నాడు మైకులో.

"మూత తియ్యకుండా ఏం తీశావయ్యా?"

మాణిక్యం గొంతుకి మైకు అక్కర్లేదు. చేపల రేవులో బేరాలాడిన గొంతు అది. హాలు చివరిదాకా వినిపించింది.

విజయసారథి కెమెరాని తిప్పి ముందు వైపు చూశాడు.  మొదట వేదిక మీద కుర్రాడెవడో నవ్వాడు. తర్వాత ఇంకోడు. తర్వాత ఆపుకున్నవాళ్ళందరూ ఒక్కసారే నవ్వేశారు. చంద్రిక ప్లాను వేరు. ఇదంతా వచ్చే నెల, చల్లగా, తన చేతుల మీదుగా జరగాలి. అయినా ఆ నవ్వులు చెవిన పడుతుంటే ఆమెకి వచ్చే నెల ఊసే గుర్తు రాలేదు.

"పెద్దావిడ భలే కనిపెట్టిందే!" అన్నాడు విజయసారథి, నవ్వులో కలిసిపోదామని.

"కనిపెట్టేదేముంది? ఆ రోజూ నేనే చెప్పా." మాణిక్యం చంద్రిక వైపు చెయ్యి చాపింది. "ఆ రోజు తీసింది నువ్వు కాదుగా. నిన్ను నేనెప్పుడూ చూడలేదు. తీసింది ఈ పిల్ల. మొదట ఇదీ మూత పెట్టే టక్కుమనిపించింది. మూతుందమ్మా అంటే నాలిక్కరుచుకుని తీసి నా చేతికిచ్చింది. తీసినంతసేపూ అది నా గుప్పిట్లోనే ఉంది. మూడు గంటలంట, మూడు గంటలు! పావుగంట కూడా లేదు. ఎండకి నేనే లెమ్మన్నాను."

నవ్వులు ఆగిపోయాయి. భరద్వాజ గారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

"ఏంటండి ఇది, విజయసారథి గారూ?"

"అదీ... ఫిల్ము ఆ అమ్మాయిదేననుకోండి. కడిగింది మాత్రం నేను. ప్రింటు నాది. అంచులు, ఆ టోనూ, అదంతా నా పనితనమే కదండీ..." ఎవరూ తల ఊపకపోయేసరికి ఆ వాక్యం అక్కడే పడిపోయింది.

చంద్రిక నోరు తెరిచింది. ఏడాదిన్నరగా దాచుకున్న మాటలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఈలోగా మాణిక్యం ఆమె వైపు తిరిగింది.

"నువ్వేం తక్కువ తిన్నావా? నెల తిరక్కుండా ఫొటో తెచ్చిస్తానన్నావు. ఒట్టేశావు. ఏదీ?"

"పెద్దమ్మా, ఫిల్ము పోయిందన్నారు, అందుకని..."

"పోతే పోయిందని వచ్చి చెప్పొచ్చుగా? రోజూ అడిగేవాడు ఆయన, ఫొటోల పిల్ల రాలేదా, రాలేదా అని. మంచం ఎక్కాక కూడా అడిగాడు. మొన్న కార్తీకంలో పోయాడు. పెద్దకర్మకి పెట్టుకుందామంటే ఒక్క ఫొటో లేదు ఇంట్లో. ఆధార్ కార్డులో మొహం పెద్దది చేయించాం. సొంత మనవరాలే, ఇదెవరు, తాతయ్య కాదంది."

 ఆధార్ కార్డు మీది మొహాలు పెద్దవి చెయ్యడం చంద్రికకి రోజూ పనే. బూడిద రంగులో, మచ్చలు మచ్చలుగా, ఎవరివో తెలియని కళ్ళు. దండ బొమ్మ ఒకటి తగిలించి ఇచ్చేస్తుంది. ఫిల్ము పోయిందని విన్న రోజు తన అవమానం తను మోసుకుని ఇంటికి పోయింది గానీ, సూర్యలంకలో ఇద్దరు ఎదురు చూస్తుంటారని ఒక్కసారైనా తలుచుకోలేదు.

మాణిక్యం శాలువా తీసి మడత పెట్టి కుర్చీ మీద పెట్టింది. మెట్లు దిగి స్టాండు దగ్గరికి వెళ్ళి ఫ్రేముని రెండు చేతులా ఎత్తింది.

"అది ఎగ్జిబిషన్‌దండి, తీసుకెళ్ళకూడదు," అన్నాడు సంఘం మనిషి ఒకడు.

"ఫొటో ఇస్తామంటేనే వచ్చాను. నా మొగుణ్ణి నేను తీసుకెళ్తున్నా, అడ్డమొస్తావా?"

ఎవరూ అడ్డం రాలేదు. గుమ్మం దగ్గర ఫ్రేము బరువుకి ఆమె తూలితే చంద్రిక పరుగున వెళ్ళి రెండో కొస పట్టుకుంది. వెనకాలే విజయసారథి మెట్ల దాకా వచ్చాడు. కెమెరా ఆమె చేతిలో పెట్టి గొంతు తగ్గించాడు.

"అమ్మా చంద్రికా, దీన్ని ఇంతటితో వదిలెయ్యి. నెగటివు రేపే కొరియర్ చేయిస్తాను."

"కొరియర్ వద్దండి. వచ్చే నెల మీటింగుకి నేనే వస్తాను. అందరి ముందూ మీ చేత్తో ఇవ్వండి," అంది చంద్రిక.

సూర్యలంక బస్సు నిండా ఆదివారం సరదాకి సముద్రానికి పోయేవాళ్ళు. ఎవరో జాలిపడి లేచి ఇద్దరికీ సీటిచ్చారు. ఫ్రేముని మోకాళ్ళ మీద నిలబెట్టి చెరో కొస పట్టుకున్నారు.  ఊరు దాటాక మాణిక్యం కొంగుతో అద్దం తుడిచి, మొహం దగ్గరగా పెట్టి చూసుకుంది.

"ఇసకలో కూర్చున్నాడుగా, సముద్రం మీదికొచ్చిందేంటి?"

"నా తప్పే, పెద్దమ్మా. ఫిల్ము తిప్పడం మర్చిపోయి దీని మీదే సముద్రాన్ని తీశాను."

"పోన్లే," అంది మాణిక్యం. "ఇంట్లో ఉన్నా ధ్యాసంతా అక్కడే ఉండేది. బొటనవేలు చూడు, ఎట్టా బిగబట్టాడో. ఆ వేలికి కాయ కాసింది. పోయిన రోజు కాళ్ళు కడుగుతుంటే చేతికి తగిలింది."

చంద్రిక బొటనవేలిని చూసింది. తర్వాత, ఎంత వద్దనుకున్నా, ఆమె చూపు కుడివైపు కింది మూలకి పోయింది. అక్కడ ప్రింటు మీద వెండిరంగు సిరాతో సంతకం ఉంది. ఇంగ్లీషులో, మెలికలు తిరిగి, తోక రెండుసార్లు చుట్టుకుని. తెలిసిన మనిషి చూస్తే విజయసారథి. తెలియనివాళ్ళకి ఉత్త గీత. అది దండ కింద, దీపం ముందు, ఈవిడ ఇంట్లో ఏళ్ళ తరబడి ఉండబోతోంది.  చంద్రిక గోరుతో గీకబోయింది. అద్దం అడ్డొచ్చింది.

"పెద్దమ్మా, దీన్ని ఒక్క రోజు నాకివ్వండి. తెనాలి తీసుకెళ్ళి ఇక్కడ చిన్న మరమ్మతు చేసి, ఎల్లుండి నేనే తెచ్చిస్తాను."

మాణిక్యం ఫ్రేముని తన వైపుకి లాక్కుంది.

"ఇంకోసారి నీ చేతికా?"

కోపంగా కూడా అనలేదు. అందుకే చంద్రికకి ఎక్కువ తగిలింది. చెయ్యి తీసేసింది. బస్సు కుదుపుకి ఫ్రేము జారితే మళ్ళీ పట్టుకోవలసి వచ్చింది.

ఆమె చూపు పడ్డ చోటు మాణిక్యం కూడా గమనించింది. "ఇక్కడేదో రాసుందే, ఏంటది? తెలుగైతే కూడబలుక్కుంటాను. ఇది ఇంగ్లీషు."

ఒక్క మాట చాలు. ఆ గీతల్ని చంద్రిక అని చదివేస్తే చాలు, లోకంలో ఒక్క ఇంట్లోనైనా ఆ ఫొటో కింద తన పేరు ఉంటుంది. అది అబద్ధం కూడా కాదు. నాలుక కొస దాకా వచ్చింది. మంచంలోంచి రోజూ తన కోసం అడిగిన మనిషి ఎదురుగా అద్దంలో వల అల్లుతున్నాడు.

"పెద్దాయన పేరే," అంది. "గంగయ్య అని రాసుంది."

"వాళ్ళకెట్టా తెలుసు ఆయన పేరు?"

"ఆటోలో తీసుకొచ్చేటప్పుడు మీ వివరాలు రాసుకున్నారుగా. అప్పుడు రాసుంటారు."

"అవును, అడిగారు." మాణిక్యం మొహం మొదటిసారి మెత్తబడింది. "ఇదొక్కటైనా బుద్ధిగా చేశారు."

చంద్రిక ఆ మాట విని కిటికీలోంచి బయటికి చూసింది. సరుగుడు తోపులు వెనక్కి పోతున్నాయి. హాలులో అంతమంది నవ్వినప్పుడు దక్కని తృప్తి ఇప్పుడు ఒంటినిండా దిగింది. వాడు మూడు గంటలూ, మాడిన నడినెత్తీ, వెండిరంగు సిరా అన్నీ కలిపి పెట్టుకున్న పేరు ఆ ఇంట్లో ఎవరి నోటా పలకదు. తన పేరు కూడా పలకదు. ఆ సంగతి కొంచెం నొప్పిగానే ఉంది.

"ఎక్కడ మొదలు?" అని అడిగింది మాణిక్యం, చూపుడు వేలు అద్దం మీద పెట్టి.

చంద్రిక ఆ వేలు పట్టుకుని సంతకం మొదటి మెలిక మీదికి జరిపింది. చివర తోక దాకా, తొందరపడకుండా, అక్షరం అక్షరం పలుకుతూ నడిపించింది.